ముక్కు బరువు

రోడ్డు పని జరుగుతున్న చోట గేటు తెరవడానికి గంట పడుతుందని జెండావిడ చెప్పింది. ఆ గంటలో ఏదో ఒకటి తేలకపోతే అతని ఆరు నెలల పని, ముప్ఫై ఏళ్ళ కోరిక రెండూ కలిసి వెనక్కి తిరిగి ఇంటిదారి పడతాయి. తాళంచెవి అతని అరచేతిలో ఉంది. ఇంకా వెచ్చగానే ఉంది. భార్య ఇంజను ఆపి, చెవి లాగి, నిద్రపోతున్న పసిపిల్లని పక్కవాళ్ళ ఒళ్ళో పెట్టినంత మెల్లగా అతని చేతిలో పెట్టింది. "నా వల్ల కాదండీ. మా తమ్ముణ్ణి రమ్మన్నాను. సాయంత్రం బస్సుకి వస్తాడు. ఇంటికి వాడు తోలతాడు" అని దిగిపోయింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె అరుపుకి పక్కకి తప్పుకోవడం, స్పీడు తగ్గించడం, అవసరమైతే రివర్సు వేయడం అన్నీ నేర్చుకున్నాడు. ఈ మెల్లటి మాటకి మాత్రం ఏ గేరు వేయాలో తోచలేదు.

బోడితలవాడికి దువ్వెన ఇచ్చినట్టుంది, తనకి తాళంచెవి ఇవ్వడం. బండి తోలొద్దని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. డిపోలో ఖాళీ బస్సు కడిగించి షెడ్డులో పెడుతుంటే కళ్ళ ముందు ఒక్క క్షణం తెర దిగినట్టయింది. తెర లేచేసరికి బస్సు ముందద్దం గోడని ముద్దు పెట్టుకుని ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. గోడకి కూడా పెద్దగా కాలేదు. డాక్టరు తల ఫోటోలు వెలుతురుకి పట్టి చూసి, ఇక స్టీరింగు ముందు కూర్చోవద్దన్నాడు. ముప్ఫయ్యొక్క ఏళ్ళ సర్వీసు. ఆ వాక్యం చెప్పడానికి డాక్టరుకి పట్టింది మూడు సెకన్లు. రెడ్ సిగ్నల్ అయినా ముందు పసుపు చూపిస్తుంది, డాక్టరు అదీ చూపించలేదు. అసలు డాక్టర్లందరూ ఇంతే, తనని పరీక్ష చేసినాయన గోళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నాయో, ఆ గోళ్ళలోకి గ్రీజు ఒక్కసారైనా వెళ్ళి ఉండదు. తన గోళ్ళలో ఈ ఆరు నెలలూ గ్రీజు పోలేదు. ఆ నలుపు చూసుకుంటే బతికున్నట్టుండేది.

కారు వెనక నత్త నిలబడి ఉంది. ట్రైలరుకి ఆ పేరు పెట్టింది భార్యే, ఇల్లు వీపున వేసుకుని తిరుగుతుంది కాబట్టి. కొన్నప్పుడు అది నున్నటి తారురోడ్డు మీద తప్ప నడవలేని సుకుమారం, చిన్న చక్రాలు, నేలకి జానెడెత్తు, గతుకు చూస్తే కడుపు రాసుకునేది. పెరట్లో నాలుగు దిమ్మల మీదికెత్తి అతను దాన్ని విప్పాడు. ఇరుసు కిందికి దించి ఒళ్ళు పైకి లేపాడు. కారు చక్రాల సైజు చక్రాలే వేశాడు, ఒకటి పోతే ఒకటి పనికొస్తుందని. కడుపు కింద ఇనుప పలక. ఎటు వంగినా విరగని కొత్త కొక్కెం. నెత్తిన సోలార్ పలక. వెనక తలుపు తీస్తే సొరుగులా బయటికొచ్చే స్టవ్వు. భార్య కర్టెన్లు కుట్టింది, పక్కన కట్టుకునే గుడారం కుట్టింది. ఆమె ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషను మీద బతికింది, ఊళ్ళో సగంమంది జాకెట్ల కొలతలు ఆమెకి కంఠతా వచ్చు. "ట్రైలరుకి నగలన్నీ చేయించారు, మన కారు కిటికీ గలగల మాత్రం అలాగే వదిలేశారు" అని రోజూ దెప్పేది. నిజమే. ఎడమ కిటికీ అద్దం సందులో వదులై, రోడ్డు కాస్త గరుకుగా ఉంటే చాలు, డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు మోగుతుంది. చేస్తానన్నాడు. చేయలేదు. ఎప్పుడూ నత్తకే ఇంకో పని మిగిలేది.

స్తంభానికి వేలాడదీసిన గడియారంలో పన్నెండు నిమిషాలు గడిచాయి. గేటంటే గేటు కాదు, ఎర్ర చారల వెదురుగడ. దాని వెనక కొండ. కొండ మీద ఎక్కడో యంత్రం రాళ్ళు కొరుకుతున్న చప్పుడు. గడ పక్కన పెద్ద గొడుగు కింద జెండావిడ, నారింజరంగు కోటు, ఒళ్ళో ఎర్రజెండా, పచ్చజెండా మడతపెట్టి ఉన్నాయి. భార్య ఆమె పక్కన రాయి మీద కూర్చుని ఫ్లాస్కులో టీ పంచుతోంది. ఐదు నిమిషాల్లో ఎవరితోనైనా చుట్టరికం కలుపుతుంది. "ఇల్లు కూడా తగిలించుకొచ్చారు, ఇంట్లోవాళ్ళతో పడక వచ్చేశారా అమ్మా?" అని జెండావిడ అడగడం అతనికి వినిపించింది. "పడనివాణ్ణి వెంటే తెచ్చుకున్నా" అంది భార్య. ఇద్దరూ నవ్వారు. అతనికీ నవ్వొచ్చింది, అంతలోనే అరచేతిలో తాళంచెవి గుచ్చుకుంది.

ఇక్కడికి పన్నెండు కిలోమీటర్ల వెనక జరిగింది అది. అతని పాత బస్సు రూటులో చివరి స్టాపు ఇంకా రాలేదు. పల్లం, నున్నటి తారు, ఎదురుగా లారీ. లారీ దాటుతూ గాలితో ఒక్క చరుపు చరిచింది. అంతే. నత్త వెనకభాగం ఎడమకి ఊగింది, తర్వాత కుడికి, తర్వాత ఇంకా ఎక్కువ ఎడమకి. కారు నడుము పట్టుకుని ఎవరో ఊపుతున్నట్టు. బ్రేకు తొక్కితే పల్టీ. స్టీరింగు తిప్పితే పల్టీ. అతని కుడికాలు లేని పెడలు కోసం నేలంతా వెతికింది. ఆమె బ్రేకు తొక్కలేదు. స్టీరింగు కదపలేదు. యాక్సిలరేటరు మీంచి పాదం తీసింది, అదీ ఒక్కసారి కాదు, దారం తెగకుండా మిషను ఆపేటప్పుడు తీసే తీరులో, నూలుపోగంత, నూలుపోగంత. ఊపు తగ్గింది. ఇంకా తగ్గింది. ఆగింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళ డ్రైవరు అంతకన్నా బాగా చేయలేడు. ఆ మాట అనాల్సింది. అతని నోట్లోంచి వచ్చింది ఇంకో మాట. "స్పీడు తగ్గించాల్సింది." అంతే, మూడు సెకన్లు కూడా పట్టలేదు. డాక్టరు నయం.

పొద్దున కూడా ఒకసారి కొంచెం ఊగింది. అప్పుడు "గాలి" అన్నాడు. పొద్దున గాలి తప్పు, మధ్యాహ్నం భార్య తప్పు. దొంగ దొరకనప్పుడు వీధిలో ఎవరో ఒకణ్ణి పట్టుకొచ్చి కూర్చోబెట్టినట్టు. మరి అసలు దొంగ ఎవరు? టైర్లలో గాలి సరిగ్గానే ఉంది, తనే చూశాడు. కొక్కెం బిగువుగానే ఉంది. ఇరుసు వంకర లేదు, దారం కట్టి కొలిచాడు. కొన్న కొత్తలో ఇదే నత్తని ఇదే కారుకి కట్టి ఇంతకన్నా వేగంగా ఇంటికి తెచ్చుకున్నారు, ఒక్కసారి కూడా ఊగలేదు. అప్పుడు తోలింది ఆ తమ్ముడే, చెయ్యి కిటికీలో పెట్టుకుని, ఒంటిచేత్తో. అందుకే ఆమె లెక్క తేల్చేసింది: తమ్ముడు తోలితే ఊగలేదు, తను తోలితే ఊగుతోంది, కాబట్టి తనకి చేతకాదు. కత్తెరతో కత్తిరించినంత నున్నటి లెక్క. ఎక్కడో తప్పుంది.

యాభై నాలుగేళ్ళకి డ్రైవింగు నేర్చుకుంది. మోకాళ్ళకి పట్టీలు కట్టుకునే వయసులో. అతను పక్కన కూర్చుని నేర్పిన మొదటి వారం ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకోలేదు. రెండోవారం డ్రైవింగు స్కూలుకి వెళ్ళి అక్కడ నేర్చుకుంది. లైసెన్సు వచ్చిన రోజు కొత్త బ్యాటరీ వచ్చిన అట్టపెట్టె కత్తిరించి, లావు పెన్నుతో రాసి, అతని సీటు ఎదురుగా డాష్‌బోర్డుకి అంటించింది: "డ్రైవరుతో మాట్లాడరాదు." ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఆ బోర్డు అతని తల వెనక ఉండేది, ఎదుటివాళ్ళ కోసం. ఇప్పుడు తన కోసం, కళ్ళెదుట. తమ్ముడు అది చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "బావగారూ, రిటైరయ్యాక ప్రమోషనొచ్చింది, ప్యాసింజరయ్యారు" అన్నాడు. ఎవరి కోసం నేర్చుకుంది? ఊరికే ఒకరోజు అన్నం తింటూ, "ఆ చివరి స్టాపు అవతల ఏముందో చూద్దామన్నారుగా, మీరు తోలకపోతే నేను తోలతా" అంది. అతను మర్చిపోయాడు. ఆమె మర్చిపోలేదు.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి అతని బస్సులోనే ఎక్కింది, డ్రైవరు వెనక సీట్లో, ఒళ్ళో టిఫిను డబ్బాతో. చివరి స్టాపులో అందరూ దిగి, మూటలెత్తుకుని మట్టిదారిలో కొండవైపు నడుచుకుంటూ వెళ్ళారు. ఖాళీ బస్సులో ఇద్దరే. "అవతల ఏముందండీ?" అంది. అతను తెల్లబోయాడు. అప్పటికి నాలుగు వందల సార్లు వచ్చి ఉంటాడు అక్కడికి. వచ్చి, బస్సు తిప్పి, టీ తాగి, వెళ్ళిపోయేవాడు. ఆ మూటలవాళ్ళు ఎక్కడికి పోతారో ఏనాడూ తోచలేదు. "తెలీదు. ఎప్పుడైనా చూద్దాం" అన్నాడు. ఆ ఎప్పుడైనా ముప్ఫై ఏళ్ళు పట్టింది, ఇప్పుడొచ్చి వెదురుగడ దగ్గర ఆగింది. ఇందాక చివరి స్టాపు దాటుతున్నప్పుడు తను చెప్పాలనుకున్న మాటలెన్నో. పాత షెల్టరు, టీకొట్టు ఉండిన చోటు, తను బస్సు తిప్పే వేపచెట్టు. ఒక్కటీ చెప్పలేదు. "స్పీడు తగ్గించాల్సింది" అన్నాక ఇంకే మాటా బండిలో పట్టలేదు. కిటికీ ఒక్కటే గలగలమంటూ వాగింది.

"మరి అవతల ఏముందమ్మా?" భార్య జెండావిడని అడుగుతోంది. అదే ప్రశ్న, అదే గొంతు. "నాకేం తెలుసమ్మా, నా డ్యూటీ ఈ గడ దాకే" అంది జెండావిడ, "ఎనిమిది నెలలైంది, అటేపు పోయే పనే పడలేదు." అతను తలెత్తి ఆమెని చూశాడు. ఎనిమిది నెలలా, పిచ్చిదానా, నన్ను చూడు.

ముప్ఫై నిమిషాలు గడిచాయి. వెనక నుంచి ఒక బైకు వచ్చి ఆగింది. వెనకసీటు మీద మూడు సిమెంటు బస్తాలంత మూటలు, ఆ మూటల మీద ఇంకో మూట. బైకువాడు ఎత్తు మీద ఆపబోతే ముందుచక్రం నేల వదిలి ఊరికే అటూ ఇటూ ఆడింది. వాడు తూలి కాళ్ళు ఆనించుకున్నాడు. జెండావిడ గొడుగు కిందినుంచే అంది: "బరువంతా వెనకేస్తే హ్యాండిల్ నీ మాట వింటదా నాయనా? ఆ పైమూట ముందు ట్యాంకు మీద పెట్టుకో."

అతను ఆ చక్రాన్నే చూస్తున్నాడు. గాల్లో అటూ ఇటూ ఆడిన చక్రం. ఎక్కడో, చేతిలో, ఒక జ్ఞాపకం కదిలింది. బుర్రలో కాదు, చేతిలోనే. పొద్దున బయల్దేరేముందు నత్త ముక్కు, అంటే కారు కొక్కేనికి తగిలించే ముందుభాగం, ఒంటిచేత్తో ఎత్తాడు. పాత రోజుల్లో ఇద్దరు కలిసినా జాకీ లేకుండా లేచేది కాదు. పొద్దున ఒంటిచేత్తో ఎత్తి, వాకిట్లో నిలబడ్డ భార్యకి చూపించాడు కూడా. "చూశావా, ఎంత తేలికైందో." ఆమె చప్పట్లు కొట్టింది.

అతను లేచాడు. ట్రైలరు చక్రాల కింద రెండు రాళ్ళు పెట్టాడు. కొక్కెం విప్పాడు. ఎడమచెయ్యి వేసి ఎత్తాడు. వచ్చేసింది, కూరగాయల సంచిలా. పాతకాలపు రెండు బ్యాటరీలు ఈ ముక్కు మీదే ఉండేవి, రెండు గ్యాసుబండలంత బరువు. అవి పీకేసి, చేత్తో మోయగల కొత్తది తెచ్చి వెనక మంచం కింద పెట్టాడు. వెనకే స్టవ్వు సొరుగు. వెనక తలుపుకే రెండు స్టెప్నీ టైర్లు, అందంగా ఉంటాయని. వెనకే నాలుగు నీళ్ళ క్యాన్లు. ఒక్క బరువు కూడా ముందు లేదు. ఎందుకని? ఆ ప్రశ్నకి జవాబు ఎవరో చెవిలో అరిచినట్టే వినిపించింది. కండక్టర్లు. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఎక్కిన ప్రతి కండక్టరూ ఒకటే పాట: వెనక్కి జరగండి, వెనక్కి జరగండి, వెనకంతా ఖాళీయే. బస్సులో బరువు వెనక్కి వెళితే మంచిదే, ముందు తలుపు ఖాళీ అవుతుంది, డ్రైవరుకి ఊపిరాడుతుంది. ఆ పాటకి అలవాటైన చేతులు నత్తలో ప్రతి వస్తువునీ వెనక్కి జరిపాయి. కానీ బస్సు తన కాళ్ళ మీద తను నడుస్తుంది. నత్తని ముక్కు పట్టుకుని లాగాలి. ముక్కు మీద బరువు లేకపోతే వెనకభాగం దానిష్టం, ఎటు గాలొస్తే అటు. వేలిముద్రలు దొరికాయి. నేరం జరిగింది పెరట్లో, ఆరు నెలలపాటు, పట్టపగలు. నేరస్థుడు తాళంచెవి పట్టుకుని ఇక్కడే నిలబడి ఉన్నాడు.

గేటు తెరవడానికి ఇంకా ఇరవై రెండు నిమిషాలుంది. మొదట వచ్చిన ఆలోచన మంచిదేమీ కాదు. ఆమె టీ తాగుతోంది, ఇటు చూడటం లేదు. క్యాన్లు ముందుకి మార్చేసి, టైర్లు ముక్కు మీద కట్టేసి, ఏమీ ఎరగనట్టు, "ఇంకొక్కసారి ప్రయత్నించు, ఈసారి మెల్లగా" అంటే చాలు. ఊగదు. తను చెప్పినట్టు మెల్లగా తోలింది కాబట్టి ఊగలేదనుకుంటుంది. ఇల్లు చేరేదాకా, చేరాక కూడా, బళ్ళ సంగతి తెలిసినవాడు అతనే. చేతుల్లోంచి స్టీరింగు పోయింది, బస్సు పోయింది, యూనిఫాం పోయింది. మిగిలింది ఆ ఒక్క పేరే కదా, బళ్ళ సంగతి ఆయన్నడగండి అనే పేరు. అది కూడా ఇచ్చేసి ఏం మిగుల్చుకోవాలి? ఎంత సుఖంగా ఉందో ఆ ఆలోచన, ఏసీ బస్సులో ముందుసీటులా. కూర్చుంటే లేవబుద్ధి కాదు. కానీ ఆ సీట్లోంచి చూస్తే ఆమె పాదం కనిపిస్తోంది. పల్లంలో, లారీ చరిచినప్పుడు, నూలుపోగంత, నూలుపోగంత లేచిన పాదం. ఆ పాదం ఇద్దరి ప్రాణాలూ నిలబెట్టింది. ఇప్పుడది రాయి మీద చెప్పు విడిచి, తప్పు చేసిన పిల్లలా ముడుచుకుని ఉంది.

అతను పిలిచాడు. "ఇదిగో, ఒకసారి ఇటు రా."

ఆమె వచ్చింది. "ముక్కు ఎత్తు" అన్నాడు.

"నేనా?"

"ఒంటిచేత్తో."

ఆమె ఎత్తింది. లేచింది. అతని మొహంలోకి చూసింది. అతను నేల చూస్తూ చెప్పాడు, క్యాన్లు, టైర్లు, పాత బ్యాటరీలు, కొత్త బ్యాటరీ, వెనక్కి జరగండి, అన్నీ. ఎంత తక్కువ మాటల్లో చెబుదామన్నా చాలా పట్టింది. చివర్న "నీ స్పీడు సరిగ్గానే ఉంది. నువ్వు ఆపిన తీరులో ఆపడం నాకూ రాదు. నేనైతే బ్రేకు మీద కాలేసేవాణ్ణి" అన్నాడు. అదీ నిజమే, చెప్పేదాకా తనకే తెలీదు.

ఆమె ముక్కుని మెల్లగా కిందికి దించింది. కొండమీద యంత్రం రాళ్ళు కొరకడం ఆపింది.

"అంటే ఆరు నెలలు కష్టపడి దీన్ని పాడు చేశారన్నమాట" అంది.

"పాడు కాదు. సర్దడం తప్పింది."

"పన్నెండు కిలోమీటర్లు ఏడుపు దిగమింగుకుని తోలానండీ నేను."

అతను నత్త వెనక్కి వెళ్ళాడు. తలుపు తీసి మొదటి క్యాను దించాడు. రెండోది ఆమె దించింది. జెండావిడ గడియారం చూసి, "పదిహేను నిమిషాలుంది, నింపాదిగా చేసుకోండి" అని ఊరుకోకుండా తనే లేచొచ్చి టైరొకటి దొర్లించుకొచ్చింది. పాత బ్యాటరీలుండిన ఇనుప అరలో క్యాన్లు నాలుగూ కొలిచి చేసినట్టు పట్టాయి. టైర్లని ముక్కు మీద తాడుతో భార్య కట్టింది, అతను వేసే ముడి మీద నమ్మకం లేదని చెప్పి మరీ. తర్వాత ఒంటిచేత్తో ఎత్తి చూసింది. లేవలేదు. రెండు చేతులతో ఎత్తింది. లేవలేదు. "మీరూ పట్టండి" అంది. ఇద్దరూ పట్టారు. నత్త కదల్లేదు. ఆమె నవ్వింది, ఆ రోజు మొదటిసారి. చివరికి జాకీతోనే కొక్కేనికి ఎక్కించారు. కారు వెనకభాగం నాలుగు వేళ్ళు కిందికి దిగి, బరువు నెత్తిన పెట్టుకున్న మనిషిలా నిలదొక్కుకుంది.

పచ్చజెండా విప్పింది జెండావిడ. భార్య చెయ్యి చాపింది. అతను తాళంచెవి అందులో పెట్టాడు.

"మా తమ్ముడికి ఫోన్ చేసి రావద్దనండి. సిగ్నల్ పోకముందే."

"ఏమని చెప్పను?"

"జరిగిందే చెప్పండి. నేను వింటుంటా."

చెప్పాడు. అవతల బావమరిది నవ్వు కారంతా వినిపించింది. నవ్వనీ. ఆశ్చర్యంగా, ఆ నవ్వు ఎక్కడా గుచ్చుకోలేదు. వెదురుగడ లేచింది. జెండావిడ జెండా పక్కనే చెయ్యి కూడా ఊపి, "వచ్చేప్పుడు ఏముందో చెప్పిపోండమ్మా" అంది.

కొత్తగా చదును చేసిన మట్టిదారి. మొదటి మలుపు, రెండో మలుపు, మూడో మలుపులో కొండ పక్కకి తప్పుకుంది, లోయలోంచి గాలి లారీలా వచ్చి పక్కటెముకల్లో పొడిచింది. అతని కాలు లేని పెడలు మీద బిగుసుకుంది. అద్దంలో నత్త ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని, మళ్ళీ కారు అడుగుల్లో అడుగు వేసింది. ఇంకోసారి కొట్టింది గాలి. ఆమె పాదం కదల్లేదు. నత్తా ఊగలేదు. ఎడమ కిటికీ మాత్రం గలగలమని పూనకం వచ్చినట్టు మోగుతోంది. అతను నోరు తెరిచి, ఎదురుగా అట్ట చూసి, మూసుకున్నాడు. చెప్పాల్సినవి గొంతు దాకా ఉన్నాయి, షెల్టరు, టీకొట్టు, వేపచెట్టు, నాలుగు వందల సార్లు.

ఆమె రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండానే అంది: "ఆ అట్ట పీకండి."

పీకాడు.

"నాలుగు మడతలు పెట్టి ఆ కిటికీ సందులో కుక్కండి. ఆ మోతలో మీరు చెప్పేది ఒక్కటీ వినపడదు నాకు."

మడతపెట్టి కుక్కాడు. గలగల ఆగిపోయింది. కారులో ఒక్కసారిగా ఎంతో చోటు ఏర్పడినట్టయింది. ముందర దారి కొండ నెత్తి మీదికి ఎక్కి, అక్కడ ఆకాశంలోకి మాయమవుతోంది.

"అవతల ఏముందంటారు?" అంది ఆమె, గేరు మారుస్తూ.

"తెలీదు" అన్నాడు అతను, సీట్లో సర్దుకుని కూర్చుంటూ. "కానీ ఇటువైపు ఏముండేదో చెబుతా విను."